కళాశాల పాలనలో మనిషికి చోటు

కళాశాల అంటే ఏమిటని అడిగితే సాధారణంగా భవనాలు, గ్రంథాలయం, ప్రయోగశాల, పరీక్షా ఫలితాల శాతం అనే సమాధానం వస్తుంది. ఇవన్నీ అవసరమైనవే. కాని వీటి నడుమ చదువుకొనే విద్యార్థిని, చదువు చెప్పే అధ్యాపకుని, ఉదయమే వచ్చి గదుల తాళాలు తీసే అటెండరును లెక్కలోనికి తీసుకోని సంస్థను విద్యాలయమని పిలవడానికి మా మనస్సు అంగీకరించదు. ఉన్నత విద్యాసంస్థలకు నాయకత్వం వహించేవారు మొట్టమొదట ఎవరిని దృష్టిలో ఉంచుకోవాలన్నదే ఈ వ్యాసంలో మేము చర్చింపదలచిన విషయం.

నాయకత్వం స్థూలంగా రెండు విధాలు. ఉత్తర్వును ఆధారం చేసుకొని నడిచేది ఒకటి. మనిషిని ఆధారం చేసుకొని నడిచేది రెండవది. మొదటిదానిలో పని త్వరగా జరిగినట్లు కనిపిస్తుంది. నోటీసు అంటించగానే బాధ్యత తీరిపోతుంది. రెండవదానిలో వినవలసి ఉంటుంది, నచ్చజెప్పవలసి ఉంటుంది, ఒక్కొక్కప్పుడు తన అభిప్రాయాన్ని మార్చుకోవలసి ఉంటుంది. ఇది కష్టమైన మార్గం. అయినా విద్యాసంస్థకు తగిన మార్గం ఇదేనని చరిత్ర చెబుతున్నది.

ఇందుకు జామియా మిల్లియా ఇస్లామియా చక్కని ఉదాహరణ. సహాయ నిరాకరణ ఉద్యమ కాలంలో, 1920లో అలీగఢ్‌లో పుట్టిన ఈ సంస్థ 1925లో ఢిల్లీకి తరలింది. 1926లో దీని బాధ్యతను స్వీకరించిన డాక్టర్ జాకిర్ హుస్సేన్ మన హైదరాబాదులోనే 1897లో జన్మించినవారు. బెర్లిన్‌లో డాక్టరేటు పొంది వచ్చిన ఆ యువకునికి సర్కారు కొలువు దుర్లభం కాదు. ఆయన మాత్రం నిధులు లేని సంస్థను కోరి చేపట్టారు. 1927 చివర హకీం అజ్మల్ ఖాన్ మరణంతో సంస్థ మరింత ఇబ్బందులలో పడింది. ఆ దశలో కొందరు అధ్యాపకులు నెలకు 150 రూపాయలకు మించని జీతంతో ఇరవై సంవత్సరాలు సేవ చేస్తామని ప్రతిజ్ఞ పూనారు. ఉత్తర్వుతో ఇటువంటి ప్రతిజ్ఞను రాబట్టడం సాధ్యమా? తమతోపాటు తమ నాయకుడు కూడా లేమిని పంచుకొంటున్నాడని కళ్ళారా చూసినవారు మాత్రమే అటువంటి మాట ఇవ్వగలరు.

1935లో ఢిల్లీ సమీపాన ఓఖ్లాలో జామియా నూతన భవనానికి శంకుస్థాపన జరిగింది. ఆ రాయిని వేయించింది ఏ నవాబు చేతనో, ఏ మంత్రి చేతనో కాదు; ఆ సంస్థ విద్యార్థులందరిలోకి చిన్నవాడైన ఒక బాలుని చేత. ఈ భవనం ఎవరి కోసమన్న ప్రశ్నకు ఇంతకంటె స్పష్టమైన సమాధానం ఉండదు. తరువాతి కాలంలో జాకిర్ హుస్సేన్ గారు రాష్ట్రపతి పదవిని అధిష్ఠించారు. 1969లో పరమపదించినప్పుడు ఆయనను ఖననం చేసింది ఆ జామియా ఆవరణలోనే.

మన ఆంధ్ర విశ్వవిద్యాలయ చరిత్రలోనూ ఇటువంటి ఘట్టాలు లేకపోలేదు. 1926లో దానికి మొదటి ఉపాధ్యక్షులైన కట్టమంచి రామలింగారెడ్డి గారు, శాసనోల్లంఘన ఉద్యమంపై ప్రభుత్వం సాగించిన దమననీతికి నిరసనగా 1930లో రాజీనామా ఇచ్చారు. పదవిని పట్టుకొని వ్రేలాడని ఆయనకే 1936లో ఆ పదవి తిరిగి లభించింది. నడుమ ఆ బాధ్యతను వహించిన సర్వేపల్లి రాధాకృష్ణన్ గారి కాలంలో హుమాయూన్ కబీర్, హీరేన్ ముఖర్జీ వంటి యువ విద్వాంసులు వాల్తేరుకు వచ్చి పాఠాలు చెప్పారు. తగిన మనుష్యులను వెదకి తెచ్చి, వారిపై నమ్మకముంచడం నాయకుని పనులలో ముఖ్యమైనదని దీనివలన తెలుస్తున్నది.

ఇవి మహనీయుల గాథలు, మన వంటి చిన్న కళాశాలలకు వీటితో ఏమి పని అని కొందరు అనవచ్చు. అందువలన మా అనుభవంలోని చిన్న విషయం ఒకటి మనవి చేస్తాం. కొన్నేళ్ళ క్రితం మేము పనిచేసిన ఒక కళాశాలలో, హాజరు 75 శాతానికి తగ్గినవారి జాబితాను నోటీసు బోర్డుపై అంటించారు. అందులో ద్వితీయ సంవత్సరం చదివే ఒక విద్యార్థి పేరు ఉన్నది. తెలివిగలవాడు, మితభాషి. ఆ పేరు చూసుకొని వెళ్ళినవాడు మరి తిరిగి రాలేదు. తండ్రి ఆసుపత్రిలో ఉండగా ఆ కుర్రవాడు ఉదయం పూట ఆటో నడిపి ఇంటిని పోషించాడని మాకు తరువాత తెలిసింది. నియమం ప్రకారం జాబితాలో తప్పేమీ లేదు. కాని జాబితా తయారు చేయడానికి ముందు అతనిని పిలిచి, "ఎందుకు రావడం లేదు బాబూ?" అని అడిగినవారు ఒక్కరూ లేరు. ఆ హాజరు పట్టీపై సంతకం చేసినవారిలో మేమూ ఉన్నాం. కనుక ఈ మాట ఇతరులను నిందించడానికి చెప్పడం లేదు.

నేడు హాజరు తీసుకొనడానికి యంత్రాలు వచ్చినాయి. విద్యార్థి వచ్చాడో లేదో యంత్రం చెప్పగలదు. ఎందుకు రాలేదో మనిషే అడిగి తెలుసుకోవాలి.

అందరి మాటా వింటూ పోతే క్రమశిక్షణ ఏమవుతుందన్న సందేహం సహజమైనదే. దీనిని మేము తేలికగా త్రోసివేయడం లేదు. అయితే వినడం వేరు, లొంగిపోవడం వేరు. చెప్పుకొన్నదంతా విని, కారణం తెలిపి, "ఇది వీలు కాదు" అన్న ప్రధానాచార్యునిపై విద్యార్థికి గౌరవం తగ్గదు. కారణం చెప్పకుండా తలుపు మూసినప్పుడే ద్వేషం పుడుతుంది. ప్రతి కళాశాలలో అధ్యాపకులు, విద్యార్థులు కలిసి కూర్చొని సమస్యలు చర్చించే ఉమ్మడి సంఘాలు ఉండాలని 1964-66 నాటి కొఠారీ కమిషన్ సూచించింది. క్రమశిక్షణ భయం నుండి కాక పరస్పర విశ్వాసం నుండి పుట్టాలన్నదే ఇటువంటి సూచనల సారాంశమని మేము భావిస్తున్నాం.

మైనారిటీ విద్యాసంస్థలకు ఈ విషయంలో మరింత బాధ్యత ఉన్నది. సొంత విద్యాసంస్థలను స్థాపించి నిర్వహించుకొనే హక్కును రాజ్యాంగం 30వ అధికరణం మనకు ప్రసాదించింది. అయితే నిర్వహించే హక్కులో దుర్నిర్వహణ చేసే హక్కు ఇమిడి లేదని, 1958లో కేరళ విద్యా బిల్లుపై ఇచ్చిన అభిప్రాయంలోనే సుప్రీం కోర్టు స్పష్టం చేసింది. ఈ హక్కు భవనానికో, కొందరు పెద్దలకో లభించినది కాదు. ఒక సమాజపు బిడ్డల కోసం లభించినది. మన విద్యార్థులలో పలువురు తమ ఇంటిలో కళాశాల మెట్టు ఎక్కిన మొదటివారు. ఆడపిల్లలలో కొందరు ఇంట్లో ఎంతో నచ్చజెప్పుకొని వస్తున్నారు. వీరిలో ఒక్కరు చదువు మానినా ఆ ఇంటిలో వెనుక వచ్చే తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు కూడా తలుపు మూసుకొనే ప్రమాదమున్నది.

పాలకవర్గం వారి పరిశీలన కోసం నాలుగు చిన్న సూచనలు సవినయంగా సమర్పిస్తున్నాం. మొదటిది: వారానికి ఒక గంటసేపు ఏ విద్యార్థి అయినా చీటీ పంపనక్కరలేకుండా ప్రధానాచార్యులను కలుసుకొనే వీలు ఉండాలి. రెండవది: ఆంగ్లంలోని ప్రతి నోటీసు తెలుగులోనూ, ఉర్దూలోనూ కూడా వెలువడాలి, అర్థం కాని నియమాన్ని పాటించలేదని దండించడం న్యాయం కాదు. మూడవది: హాజరు తగ్గిన విద్యార్థి పేరు బోర్డుకు ఎక్కకముందే ఒక అధ్యాపకుడు అతనితోను, వీలైతే తల్లిదండ్రులతోను మాట్లాడాలి. నాలుగవది: సంవత్సరానికి రెండుసార్లయినా పాలకవర్గ సభ్యులు అధ్యాపకులతో, విద్యార్థి ప్రతినిధులతో, బోధనేతర సిబ్బందితో కలిసి కూర్చోవాలి. వీటిలో ఏ ఒక్కటీ ఖర్చుతో కూడినది కాదు. కావలసిందల్లా సమయం, సహనం. ఉర్దూలో మష్వరా అన్నా, తెలుగులో నలుగురి సలహా అన్నా భావం ఒక్కటే.

విద్యార్థులతో కూడా ఒక మాట. తలుపు తెరిచి ఉన్నంత మాత్రాన చాలదు. లోనికి వచ్చి మర్యాదగా, నిజాయితీగా చెప్పుకొనే అలవాటు మీకు ఉండాలి. మీ మాట వినాలని కోరే హక్కుతోపాటు, మీ సహాధ్యాయి మాట వినే బాధ్యత కూడా మీదే. రేపు మీలో కొందరు ఉపాధ్యాయులవుతారు, కార్యాలయాలలో అధికారులవుతారు. మీ బల్ల ముందు నిలబడినవానిని కూర్చోమని అనే సంస్కారాన్ని ఇక్కడే నేర్చుకోండి.

వచ్చే సంవత్సరం హాజరు పట్టీపై సంతకం చేసే ముందు, అందులోని ప్రతి పేరు వెనుక ఒక ఇల్లు ఉన్నదని మేము గుర్తుంచుకొంటాం. మన పెద్దలు కూడా గుర్తుంచుకొంటారని ఆశిస్తున్నాం.