థర్మోస్టాట్ పీకేస్తే రిపేరు అయినట్టు కాదు

మన బనగానపల్లె పక్క డీజిల్ కారు గానీ, బొలెరో గానీ కాస్త కాగిందంటే చాలు, చాలామంది మెకానిక్కులు థర్మోస్టాట్ వాల్వు పీకి పక్కన పారేస్తాండారు. "ఎండల సీమలో ఇదెందుకు, చలిదేశాలోళ్లకు గానీ" అంటారు. మనమూ తల ఊపుతాం. ఇది శుద్ధ తప్పు.

బయట 42 డిగ్రీల ఎండ ఉన్నా ఇంజన్‌కు అది చల్లదనమే. లోపలి నీళ్లు 80, 90 డిగ్రీల దగ్గర ఉంటేనే డీజిల్ సరిగ్గా మండుతుంది. వాల్వు లేకుంటే నీళ్లు మొదటి నుంచే రేడియేటర్‌కు పోతాయి, ఇంజన్ సరిగ్గా కాగదు. మండని డీజిల్ ఆయిల్‌లోకి దిగుతుంది. ఆయిల్ పలచబడి రింగులు, లైనర్లు అరుగుతాయి. మైలేజీ పడిపోతుంది. ఆ డబ్బు పోయేది మన జేబులోంచే.

మీరే చూసుకోండి. పొద్దున్నే చల్లటి బండి స్టార్ట్ చేసి, ఫ్యానుకు చెయ్యి తగలకుండా రేడియేటర్ పై గొట్టం పట్టుకోండి. కొంతసేపు చల్లగానే ఉండి తర్వాత గబుక్కున వేడెక్కితే వాల్వు బాగున్నట్టు. మొదటి నుంచీ మెల్లమెల్లగా కాగుతూ వస్తే వాల్వు లేదు, లేదా తెరుచుకొనే ఇరుక్కుంది.

వాల్వు మూసుకొని ఇరుక్కుంటే బండి కాగుతుంది, నిజమే. అప్పుడు కొత్తది వేయాల. ఎక్కువసార్లు తప్పు వేరేచోట ఉంటుంది: బోరునీళ్ల ఉప్పు పట్టిన రేడియేటర్, వదులైన బెల్టు, ముందర పేరుకున్న దుమ్ము. అవి చూడకుండా వాల్వు పీకడమంటే ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకోవడమే.

ఈసారి షెడ్డులో గట్టిగా చెప్పండి: "పాతది నా చేతికియ్యి, కొత్తది బిగించు."