గది మారినా మనిషి దూరం కాకూడదు



జంగమకోటె, శిడ్లఘట్ట, చింతామణి, బాగేపల్లి వైపు పల్లెలు వదిలి మిల్లు పనికి, గార్మెంటు పనికి పోయిన మనవాళ్ళలో సొంత గూడు ఉన్నవాళ్ళు ఎందరు? పీణ్యాలో, బొమ్మనహళ్ళిలో, దొడ్డబళ్ళాపురంలో మన బతుకు వఠారంలో ఒక గది. పైన రేకులు, వరుసకంతా ఒకే కొళాయి. పెళ్ళికాని ఆడపిల్లలకైతే కంపెనీ హాస్టలు. అద్దె పెరిగితే ఒక గది, ఫ్యాక్టరీ మారితే ఇంకొక గది. సామాను మూట విప్పకముందే మళ్ళీ కట్టే రోజు వస్తుంది.

అందుకే మనవాళ్ళ నోట ఒక మాట తరచుగా వింటున్నాము. "ఉండేది నాలుగు నెలలు, పక్క గదివాళ్ళతో మనకేం పని?" ఈ మాట తప్పని చెప్పడానికే ఇది రాస్తున్నాము. నాలుగు నెలలే ఉండేవాడికి పక్క గది అవసరం ఎక్కువ. వాడికి ఊళ్ళో ఉన్న అన్నదమ్ములు ఇక్కడ లేరు, అప్పిచ్చే అంగడివాడు లేడు, రాత్రి జ్వరం వస్తే ఆసుపత్రికి తీసుకుపోయే బంధువు లేడు.

మనం ఒకరికొకరు తెలియకుండా ఉంటే లాభం ఎవరికి? ఇంటి ఓనరు వరుసలో ఒక్కొక్క గదికి ఒక్కొక్క రేటు చెప్తాడు. కాంట్రాక్టరు ఒకే పనికి ఇద్దరికి రెండు కూలీలు ఇస్తాడు. పక్కపక్కనే పడుకునే ఆ ఇద్దరికీ ఆ సంగతి తెలియదు. ఒకరు పగటి షిఫ్టు, ఒకరు రాత్రి షిఫ్టు అయితే నెలల తరబడి ముఖాలు కూడా చూసుకోరు. పనిలోంచి తీసేసిన మనిషి మూట కట్టుకుని పోయిన తరువాత గాని యూనియన్‌కు తెలియదు. అప్పుడు ఏ అడ్రసుకు నోటీసు పంపాలి? ఎవరి పేరున కేసు వేయాలి?

ఇల్లు, వాకిలి సంగతులు సంఘానికి ఎందుకు, జీతం, బోనసు చూసుకుంటే చాలదా అని అడిగే మిత్రులున్నారు. వాళ్ళకు సంఘం పుట్టిన కథే జవాబు. మన దేశంలో పద్ధతి ప్రకారం ఏర్పడిన మొదటి కార్మిక సంఘంగా చెప్పుకునే మద్రాస్ లేబర్ యూనియన్ 1918 ఏప్రిల్ 27న ఏర్పడింది. దానికి విత్తనం పడింది మిల్లు గేటు దగ్గర కాదు. పెరంబూరులో సెల్వపతి చెట్టి, రామానుజులు నాయుడు నడిపిన శ్రీ వెంకటేశ గుణామృత వర్షిణి సభలో. బకింగ్‌హాం, కర్నాటిక్ మిల్లుల కార్మికులు పని దిగి అక్కడికి భక్తి ప్రసంగాలు వినడానికి పోయేవాళ్ళు. పక్కన కూర్చున్నవాడితో మేస్త్రీ తిట్టింది, జీతం కోసింది చెప్పుకునేవాళ్ళు. ఆ మాటల నుంచే సంఘం పుట్టింది. బి.పి. వాడియా అధ్యక్షుడయ్యారు.

అదే మద్రాసు ఇంకొక పాఠం కూడా చెప్పింది. 1921లో ఆ మిల్లుల్లో నెలల తరబడి సమ్మె జరిగింది. గేటు దగ్గర సంఘం ఒక్కటే, కాని నివాసాలు కులాల వారీగా వేరు వేరు. ఆది ద్రావిడ కార్మికులలో చాలామంది సమ్మెలో నిలవక పనికి పోయారు. గొడవలు పేటల్లోకి పాకి పులియంతోపులో గుడిసెలు తగలబడ్డాయి. ఇళ్ళు పోయినవాళ్ళను శిబిరాల్లో ఉంచవలసి వచ్చింది. పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. చివరికి అక్టోబరులో సమ్మె ఓడిపోయింది. ఉండే చోట కలవని మనుషులు గేటు దగ్గర ఎంతకాలం కలిసి నిలుస్తారు?

ఇది మన వఠారాలకూ వర్తిస్తుంది. మనవాళ్ళు గది వెతికేటప్పుడు మొదట అడిగేది, అక్కడ మన ఊరోళ్ళు ఉన్నారా అని. అది సహజం, మంచిదే. కాని అక్కడితో ఆగితే బాగేపల్లివాళ్ళు ఒక మూల, చింతామణివాళ్ళు ఒక మూల, ఆ మూలల్లో మళ్ళీ కులాల వారీగా మూలలు. ఇప్పుడు ఒడిశా, జార్ఖండ్, అస్సాం పిల్లలు కూడా మన వరుసల్లోకి వచ్చారు. భాష రాదని వాళ్ళను వదిలేస్తే రేపు మన సమ్మె రోజున వాళ్ళనే లోపలికి పిలుస్తారు. అప్పుడు వాళ్ళను తిట్టి లాభం లేదు.

కలిస్తే ఏమవుతుందో 2016 ఏప్రిల్‌లో బెంగళూరు చూసింది. ప్రావిడెంట్ ఫండ్‌లో యాజమాన్యం వాటాను 58 ఏళ్ళ దాకా తీసుకోకూడదని కేంద్రం నిబంధన తెచ్చింది. ఏప్రిల్ 18, 19 తేదీల్లో వేల మంది గార్మెంటు కార్మికులు, అందులో ఎక్కువమంది ఆడవాళ్ళు, హోసూరు రోడ్డు, తుమకూరు రోడ్డు మీదికి వచ్చారు. పెద్ద సంఘమేదీ పిలుపు ఇవ్వలేదు. నోటి మాట మీద ఫ్యాక్టరీ నుంచి ఫ్యాక్టరీకి పాకింది. 19వ తేదీనే ప్రభుత్వం ఆ నిబంధన వెనక్కు తీసుకుంది. అలాంటి మాట కుట్టు మిషను దగ్గర పుట్టదు, అక్కడ తల ఎత్తనివ్వరు. బస్సులో, కొళాయి దగ్గర, అంగట్లో పుడుతుంది.

కలవకపోతే ఏమవుతుందో 2020 మార్చి 25 తరువాత చూశాము. రేషను కార్డు ఊళ్ళో, ఆకలి బెంగళూరులో. మే 1న తెలంగాణలో లింగంపల్లి నుంచి హటియాకు మొదటి శ్రామిక రైలు కదిలింది. మే 5న బిల్డర్లతో సమావేశం జరిగాక కర్నాటక ప్రభుత్వం ఆ రైళ్ళు వద్దంది. దేశమంతా తప్పుపట్టాక రెండు రోజుల్లో వెనక్కు తగ్గింది. ఆ రోజుల్లో ఏ గదిలో ఎందరున్నారో లెక్క తెలిసిన వరుసకు బియ్యం చేరాయి. లెక్క చెప్పేవాళ్ళు లేని వరుస పస్తు పడుకుంది.

కాబట్టి సభ్యులందరినీ మేము కోరేది ఇది.

ఒకటి. ప్రతి వఠారంలో ఒక నోటుబుక్కు పెట్టండి. గదిలో ఉండేవాళ్ళ పేరు, ఊరు, ఊళ్ళో ఇంటివాళ్ళ ఫోను, ఈ.ఎస్.ఐ. నంబరు రాయండి. అందరికీ నమ్మకమున్న ఒక అక్క దగ్గర అది ఉండాలి. ఓనరు చేతికి, కాంట్రాక్టరు చేతికి పోకూడదు.

రెండు. నెలకు ఒక ఆదివారం గంటసేపు వరుసలోనే కూర్చోండి. ఉపన్యాసాలు వద్దు. ఎవరికి ఎంత కూలి, ఎంత అద్దె, ఎవరికి ఒళ్ళు బాగాలేదు, ఇవి మాట్లాడండి. తెలుగు, కన్నడం రానివాళ్ళను పక్కన కూర్చోబెట్టుకుని చెప్పండి.

మూడు. తెలిసినవాళ్ళు తెలియనివాళ్ళకు చెప్పాలి. వేరే రాష్ట్రపు రేషను కార్డు మీద కూడా ఇక్కడ బియ్యం తీసుకోవచ్చు. ఈ.ఎస్.ఐ. డిస్పెన్సరీని ఉండే చోటికి మార్పించుకోవచ్చు.

నాలుగు. గది ఖాళీ చేసేటప్పుడు ఎక్కడికి పోతున్నారో చెప్పి పోండి. ఆ పేటలో ఉన్న మన సభ్యుడికి మేము కబురు చేస్తాము. కొత్త గదిలో మొదటి రోజే పలకరించే మనిషి ఉంటాడు.

ఇక యాజమాన్యాలకు ఒక మాట. హాస్టలులో ఉండే ఆడపిల్లలు పనివాళ్ళు, ఖైదీలు కారు. ఆదివారం బయటికి రావడానికి, తల్లిదండ్రులను, స్నేహితులను, యూనియన్ వాళ్ళను కలవడానికి వార్డెను దయ అక్కరలేదు. ఈ కోరికను రాబోయే కోరికల పత్రంలో జీతం పక్కనే పెట్టాలని మా అభిప్రాయం.

సొంత ఇల్లు మనకు ఎప్పుడు వస్తుందో చెప్పలేము. దాని కోసం పోరాటం సాగాలి. అందాకా ఈ రాత్రి షిఫ్టు దిగి పోయేటప్పుడు పక్క గది తలుపు తట్టి, పేరేమిటి, ఏ ఊరు అని అడగండి. దానికి అడ్వాన్సు కట్టనక్కరలేదు.

కార్మికుల ఐక్యత వర్ధిల్లాలి!

— కార్యదర్శి