పసిడివన్నె దోషము కాదు

ఇటీవల యానాములో నొక విందునకు పోయితిని. ఫ్రాన్సునుండి వచ్చిన బంధువొకరు ఇరువదియేండ్లనాటి వూవ్రే తెల్లని ద్రాక్షాసవమును కానుకగా తెచ్చిరి. బిరడా తీయగనే గృహస్థు దాని పసుపుడాలును చూచి, "ఇది చెడినది" అని జలదారిలో పోయించెను. ఒక్కరును రుచి చూడలేదు! ఎర్రని ఆసవమే ఏండ్లకు నిలుచుననియు, తెల్లనిది కొన్న యేడాదిలోనే త్రాగివేయవలెననియు మనలో పాతుకొన్న అపోహకు ఫలమిది.

వూవ్రే లువార్ నదీతీరమందలి గ్రామము. అచ్చటి ఆసవమునకు మూలమైన షెనిన్ బ్లాంక్ ద్రాక్షకు సహజముగనే పులుపు మెండు. ఆ పులుపే దాని ఆయుర్దాయము. కొంత తీపిని మిగిల్చి చేసినచో అదియు తోడై కాపాడును. సున్నపురాతి కొండలను తొలిచిన చల్లని నేలమాళిగలలో ఆ సీసాలు దశాబ్దములు నిలుచును. మిక్కిలి యెండకాచిన 1947 నాటి తీపి వూవ్రేలను రసజ్ఞులు నేటికిని గౌరవముతో తలచుకొందురు.

లేతనాడు అందు పచ్చి ఆపిలు వాసన, నాలుకను కొరుకు పులుపు. ముదిరినపిదప తేనె, మైనము, ఎండిన పండ్ల పరిమళము, రంగు పసిడివన్నె. మంచిచెడ్డలను తేల్చవలసినది కన్ను కాదు, ముక్కును నాలుకయును. పరిమళము సన్నగిల్లి, కోసి వదలిన ఆపిలుముక్క వాసన కొట్టి, మ్రింగినంతనే రుచి మాయమైనచో అప్పుడు పారబోయుడు, కాదనను.

మంచుగడ్డలలో ముంచి ఇచ్చుట మరియొక అపచారము. అతిశీతలము పరిమళమును బంధించును. 12 డిగ్రీల చల్లదనము చాలును. కొంచెముగా పోసి, గాజుపాత్రను త్రిప్పి, వాసన చూచి, గుక్కను నోట నిలిపి ఆస్వాదింపవలెను. గడచుకొలది వాసనలు ఒక్కొక్కటిగా విచ్చుకొనును.

తెల్లని ఆసవములన్నియు నిలువదగినవని నా వాదము కాదు. పులుపును సారమును లేనివి ఏండ్లు గడచిన చప్పబడును. కాని రంగొక్కటియే చూచి తీర్పు చెప్పుట న్యాయమా? నల్లబడిన పాత చింతపండును బాలింతకై పదిలముగా దాచుకొను జాతి మనది. పాతబియ్యమునకు ఎక్కువ వెల యిచ్చు ఇల్లు మనది. కాలము పులుపును ఎట్లు పండించునో మనకు పరాయివారు నేర్పనక్కరలేదు. తెలిసిన ఆ వివేకమును విందుబల్లవద్ద మరువకుండిన చాలును.