మాల తీసిన మర్నాడు

ఏడాది పొడుగునా చీకటి పడేసరికి మందు దుకాణం వైపు నడిచే మనిషి, అయ్యప్ప మాల వేసుకున్న 41 రోజులూ చుక్క ముట్టడు. తెల్లవారకముందే చన్నీళ్ల స్నానం, మధ్యాహ్నం భిక్ష, రాత్రి భజన. ఇంట్లో ఆ నెలన్నర పిల్లలు నాన్న పక్కన కూర్చుని అన్నం తింటారు. మాల తీసిన మర్నాడు మళ్లీ సీసా. ‘దీక్షలో ఉండగలిగినవాడు తర్వాత ఎందుకు ఉండలేడు, కొవ్వు కాకపోతే’ అని ఇంటా బయటా అంటారు. ఆ మాట అన్యాయం. దీక్షలో అతణ్ని నిలిపింది భక్తి ఒక్కటే కాదు. సాయంత్రం వెళ్లడానికి ఒక చోటు ఉంది, పక్కన తనలాంటివాళ్లే ఉన్నారు. కులం, ఉద్యోగం, నిన్నటి పరువు పక్కనపెట్టి అందరూ ‘స్వామీ’ అనే పిలిచారు. మాలతోపాటు ఆ సాయంత్రాలూ, ఆ తోడూ పోయాయి.

తాగుడు మానాలనుకునేవాళ్లు ఒకరికొకరు తోడుగా నిలిచే ఆల్కహాలిక్స్ అనానిమస్ సంస్థ ఇచ్చేది అలాంటి సాయంత్రమే. 1935 మే నెలలో అమెరికాలోని ఏక్రన్ పట్టణంలో, బేరం చెడిపోయి హోటల్లో ఒంటరిగా మిగిలిన బిల్ విల్సన్ అనే స్టాక్ బ్రోకరుకు పక్కనే ఉన్న బార్ మీదికి మనసు పోయింది. మానేసి కొన్ని నెలలే అయింది. బార్‌లోకి వెళ్లకుండా టెలిఫోన్ దగ్గరికి వెళ్లి, మాట్లాడడానికి ఈ ఊళ్లో మరో తాగుబోతు ఎవరైనా ఉన్నారా అని వాకబు చేశాడు. అలా దొరికినవాడు బాబ్ స్మిత్ అనే సర్జన్. మద్యం ఒంటిని ఏం చేస్తుందో తెలిసిన డాక్టరే, తెలిసీ మానలేకపోయాడు. తనకు నీతి చెప్పకుండా తన కథ తాను చెప్పుకున్న మనిషితో గంటల తరబడి కూర్చున్నాడు. ఆ జూన్ 10న బాబ్ తాగిందే ఆఖరిది అంటారు. ఆ తేదీనే సంస్థ పుట్టినరోజుగా లెక్కిస్తారు.

ఇప్పటికీ మీటింగులో జరిగేది అదే. ఏ చర్చి ఆవరణలోనో, బడి గదిలోనో కొన్ని కుర్చీలు, టీ. ఫీజు లేదు, హాజరుపట్టీ లేదు. ఇంటిపేరు చెప్పనక్కర్లేదు. తాగుడు మానాలన్న కోరిక ఉంటే చాలు, మరే అర్హతా అడగరు. మొదటిరోజు నోరు విప్పకుండా విని లేచి రావచ్చు. జీవితాంతం మానేస్తానని ఎవరూ ఒట్టు పెట్టించుకోరు, ఈ ఒక్కరోజు తాగకుండా ఉందాం అంటారు. పిల్లల తలమీద చెయ్యేసి పెట్టిన ఒట్లు ఎన్నో తప్పి, సిగ్గుతో కుంగినవాడికి ఆ మాట ఎంత ఊరటో! మానడానికి వాళ్లు పాటించే పన్నెండు మెట్లలో దైవం ప్రస్తావన వస్తుంది. ఆ దైవం ఎవరన్నది ఎవరికి వారే అనుకోవచ్చు. నమ్మకం లేనివారు ఆ బృందాన్నే ఆసరాగా తీసుకుంటారు. ఇది ఉత్త ఓదార్పు కూడా కాదు. వైద్య పరిశోధనలను క్రోడీకరించే కాక్రేన్ సంస్థ 2020లో 27 అధ్యయనాలను కలిపి పరిశీలించింది. మనిషిని పద్ధతిగా ఈ బృందాలవైపు నడిపించే చికిత్స, పూర్తిగా మానేసి నిలబడే విషయంలో ఇతర మానసిక చికిత్సలకంటే మెరుగని తేల్చింది.

అయితే ఒక జాగ్రత్త ఉంది. ఏళ్లుగా రోజూ తాగేవాళ్లు ఉన్నట్టుండి ఆపేస్తే ఫిట్స్ రావచ్చు, మతి భ్రమించవచ్చు, ప్రాణమే పోవచ్చు. అందుకే ముందు డాక్టరు, తర్వాత మీటింగు. దిక్కుతోచని ఇల్లాలు భర్తకు తెలియకుండా కూరలో కలిపే ‘మందు మాన్పించే పొడి’ మరీ ప్రమాదం. అందులో డైసల్ఫిరామ్ లాంటి మందు ఉండి అతను ఆ రాత్రి తాగితే, రక్తపోటు పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. ఆమె ఆత్రాన్ని తప్పుపట్టలేం. ఆమెకూ వెళ్లడానికి ఒక చోటు కావాలి. బిల్ భార్య లోయిస్ 1951లో మరొకరితో కలిసి ఆల్‌ఆనన్ మొదలుపెట్టింది కుటుంబాల కోసమే. భర్త రాకపోయినా భార్య వెళ్లవచ్చు. ఇక తానే తాగుడులో చిక్కుకున్న ఆడమనిషికి బయటికి రావడం మరీ కష్టం, ఆమెను చూసి జాలిపడేవాళ్లు కూడా ఉండరు.

ఎయిమ్స్ ఆధ్వర్యంలో జరిగి 2019లో వెలువడిన జాతీయ సర్వే ప్రకారం మద్యానికి బానిసలైనవారిలో 38 మందికి ఒక్కరే ఏదో ఒక చికిత్స పొందారు. మందు దుకాణానికి దారి ఊళ్లో ఎవరైనా చెబుతారు. ఈ మీటింగు గదికి దారి పెద్దాస్పత్రిలో కూడా చాలామందికి తెలియదు. 14446కు ఫోన్ చేస్తే దగ్గర్లోని డీఅడిక్షన్ కేంద్రం వివరాలు చెబుతారు. ఊళ్లో మీటింగు లేనివారికి ఆన్‌లైన్ మీటింగులున్నాయి. కానీ వణికే చేతులతో ఆ వెతుకులాట అంతా రోగి మీదే వేయడం న్యాయం కాదు. అతను వార్డులో ఉండగానే, తాగుడు మానేసిన మనిషి ఒకరు వచ్చి అతని మంచం పక్కన కూర్చోవాలి; ఏక్రన్‌లో బిల్, బాబ్ ఇద్దరూ మొదట చేసింది ఆ పనే. డిశ్చార్జి చీటీలో మాత్రల పేర్ల కింద మీటింగు జరిగే చోటు, వారం, వేళ రాసి ఇవ్వాలి. దీనికి ప్రభుత్వం కొత్తగా పథకమేమీ పెట్టనక్కర్లేదు, జిల్లా ఆస్పత్రి సూపరింటెండెంట్ ఒక్క ఉత్తర్వు ఇస్తే రేపటినుంచే మొదలవుతుంది.