పని ఎవరి తలలో ఉంది?

మదనపల్లె నుంచి బి.కొత్తకోట దాటి పెద్దతిప్పసముద్రం వైపు వెళ్తే అంతా మెట్ట సేద్యమే. టమోటా, చెనిక్కాయ, మల్బరీ, ఇంటికి రెండు పాడి ఆవులు. ఆ ఊరిని చుట్టుపక్కల వాళ్లు పొడి అక్షరాల్లో పీటీఎం అనేస్తారు. అలాంటి చోట ఓ మామూలు రైతు కుటుంబానికి ఒక్కరోజులో ఎన్ని పనులుంటాయో లెక్కేయండి. తెల్లవారకముందే పాలు పితికి కేంద్రంలో పోయాలి. కరెంటు ఉన్న వేళ చూసుకుని మోటారు వేయాలి. రేపటి టమోటా కోతకి కూలీలకు ఈ రాత్రే చెప్పిపెట్టుకోవాలి. ఈ-క్రాప్ నమోదు గడువు ముంచుకొస్తోంది. గ్యాస్ బుక్ చేయాలి. పొదుపు సంఘం కంతు కట్టాలి. పిల్లాడి ఫీజు సంగతి చూడాలి. అవ్వకి బీపీ మాత్రలు రెండు రోజులకే ఉన్నాయి.

ఇవన్నీ ఎక్కడ రాసున్నాయి? చాలా ఇళ్లలో జవాబు ఒకటే. ఇల్లాలి తలలో.

కేంద్ర గణాంక శాఖ 2024లో దేశమంతటా సమయ వినియోగ సర్వే జరిపింది. జీతం లేని ఇంటిపనుల మీద ఆడవాళ్లు రోజుకి సగటున 289 నిమిషాలు గడుపుతున్నారని తేలింది. ఆ పనుల్లో చెయ్యి పెట్టే మగవాళ్ల వాటా 88 నిమిషాలు. 2019లో ఇవే అంకెలు 299, 97. అయిదేళ్లలో ఇద్దరికీ కాస్త కాస్త తగ్గింది గానీ మధ్యలో తేడా ఒక్క నిమిషమే కరిగింది! పైగా ఇది చేసే పని లెక్క. గుర్తుపెట్టుకునే పనికి గడియారం పెట్టడం ఎవరి వల్లా కాదు. సంగటి కెలుకుతున్నప్పుడు, కలుపు తీస్తున్నప్పుడు, ఆఖరికి నిద్రలో కూడా అది నడుస్తూనే ఉంటుంది.

ఈ మోత దించుకోవడానికి పెద్ద ఉపాయమేమీ అక్కర్లేదంటారు మనస్తత్వ శాస్త్రవేత్తలు. అమెరికాలో మాసికాంపో, బౌమైస్టర్ అనే ఇద్దరు 2011లో ప్రచురించిన పరిశోధన ఒకటుంది. పూర్తికాని పని మనసులోకి పదే పదే తోసుకొచ్చి, చేస్తున్న పనిని చెడగొడుతుందని అందులో చూశారు. అందులో విశేషం ఏమిటంటే... ఆ గోల ఆగడానికి పని పూర్తికానక్కర్లేదు. ఎప్పుడు, ఎలా చేయాలో కచ్చితంగా అనుకుని పెట్టుకున్నా చాలు, మనసు దాన్ని వదిలేస్తుంది. ‘మాత్రలు కొనాలి’ అనుకుంటే తల బరువు. ‘గురువారం మదనపల్లెకు వెళ్లినప్పుడు బస్టాండు దగ్గర మాత్రలు’ అనుకుంటే తల తేలిక.

పనుల చిట్టాలు రాసుకునే యాప్‌లు ఫోన్లలోకి వచ్చింది ఇందుకే. గూగుల్ టాస్క్స్, గూగుల్ కీప్, టుడూయిస్ట్, మైక్రోసాఫ్ట్ టు డూ... కావలసినన్ని. మామూలు అవసరాలకు పైసా కట్టక్కర్లేదు. తెలుగులో మాట్లాడితే అక్షరాలుగా మార్చే కీబోర్డులున్నాయి కాబట్టి టైపింగ్ రాదన్న బెంగా లేదు. మరి దించుకున్న వాళ్లలో చాలామంది నెల తిరక్కుండానే ఎందుకు వదిలేస్తారు?

చిట్టా పెరిగిపోతుంది కాబట్టి. మొదటిరోజు ఉత్సాహంగా పన్నెండు పనులు ఎక్కిస్తారు. వారానికి అవి నలభై. ‘పాలకేంద్రం బాకీ అడగాలి’ పక్కనే ‘ఇల్లు కట్టాలి’. రెంటికీ ఒకటే సైజు గడి, ఒకటే టిక్కు. తెరిస్తే చాలు గుండె గుభేలుమంటుంది. ఇక తెరవడం మానేస్తారు.

దీనికి విరుగుడు ఎక్కడో కాదు, పీటీఎం వాళ్లకు దగ్గర్లోనే, కురబలకోట మండలంలోని రిషివ్యాలీలో దొరికింది. అయితే అక్కడ కనిపెట్టింది ఫోన్ల కోసం కాదు, పల్లెటూరి పిల్లల కోసం. ఎనభయ్యో దశకం చివర పద్మనాభరావు, రమ దంపతులు రిషివ్యాలీ చుట్టుపక్కల పల్లెల్లో బడులు నడిపే పనికి పూనుకున్నారు. ఒకే పంతులు, ఒకే గది, అందులోనే అన్ని తరగతుల పిల్లలు. గొర్రెలు కాయడానికనో చెనిక్కాయ పీకడానికనో వారం రాని పిల్లాడు తిరిగొచ్చేసరికి పాఠం ఎక్కడికో వెళ్లిపోయి ఉంటుంది. ఎవరు ఎక్కడున్నారో పంతులు ఒక్కడి తలలో ఎంతకని ఉంచుకుంటాడు?

వాళ్లు పాఠ్యపుస్తకాన్ని విప్పి చిన్న చిన్న కార్డులుగా చేశారు. ఆ కార్డులన్నిటినీ మెట్లు మెట్లుగా పేర్చి ‘అభ్యసన నిచ్చెన’ తయారుచేసి, అందరికీ కనబడేలా పెట్టారు. కొన్ని కార్డులు కొత్త సంగతి చెప్పేవి, కొన్ని సాధన చేయించేవి, కొన్ని వచ్చిందో లేదో చూసేవి. తడబడితే ఇంకోసారి నేర్పే కార్డు ఉంటుంది. కార్డు మీద బొమ్మ గుర్తు చూసి, తనది ఏ మెట్టో పిల్లే వెతుక్కుంటుంది. వారం మానేసి వచ్చినా ఆగిన చోటే మొదలు. దీనికి ‘స్కూల్ ఇన్ ఎ బాక్స్’ అని పేరొచ్చింది. తర్వాత తమిళనాడు ప్రభుత్వ బడులు సైతం 2000ల్లో ఈ బాటే పట్టాయి.

ఇందులో గమనించాల్సినవి రెండు. కార్డులు వందలున్నా పిల్ల చేతిలో ఉండేది ఒక్కటే. ఇక నిచ్చెన... అది ఒకరి సంచిలో దాక్కోదు, అందరికీ కనబడుతుంది.

మొదటిది యాప్‌లలోనూ ఉంది, వాడుకోవాలే గానీ. మన హైదరాబాద్ సత్య నాదెళ్ల సారథ్యంలోని మైక్రోసాఫ్ట్ 2015లో వుండర్‌లిస్ట్ అనే బెర్లిన్ యాప్‌ను కొనేసింది. 2020 మేలో దాన్ని మూసేసి, వాడేవాళ్లను తన టు డూ యాప్‌కు మళ్లించింది. (ఏళ్ల తరబడి చిట్టాలు రాసుకున్న యాప్ కూడా ఓరోజు మూతపడొచ్చన్నమాట. ముఖ్యమైనవి కాగితం మీదా ఉంచుకోండి.) ఈ టు డూలో ‘మై డే’ అని ఓ పేజీ ఉంది. రాత్రి గడవగానే అది ఖాళీ అవుతుంది. మిగిలిన పనులు ఎక్కడికీ పోవు, వాటి వాటి జాబితాల్లో ఉంటాయి. పొద్దున మీరే వాటిలోంచి నాలుగో అయిదో ఏరి ఈ పేజీలో పెట్టుకోవాలి. నలభై పనుల మనిషికి ఇంతకు మించిన సదుపాయం లేదు.

ఆ నాలుగూ ఏవి? ‘అత్యవసరం’, ‘ముఖ్యం’ అని గడులు గీసి పంచుకోమంటాయి ఇంగ్లిషు పుస్తకాలు. ఆఫీసులకు అది సరిపోవచ్చు. సేద్యం చేసే ఇంటికి అంతకన్నా పాత మాట ఉంది. అదను. మదనపల్లె చుట్టుపక్కల పట్టుపురుగులు పెంచే ఇళ్లను చూడండి. నాలుగో జ్వరం లేచాక పురుగు వారం రోజులు ఆబగా తింటుంది. పుట్టినప్పట్నుంచీ గూడు కట్టేదాకా తినే ఆకులో ఐదింట నాలుగు వంతులకు పైగా ఆ వారంలోనే. అప్పుడు ఇంట్లో పెళ్లి చూపులున్నా వాయిదా పడతాయి. చంద్రికల మీదికి పురుగులను ఎక్కించాక మళ్లీ ఊపిరి పీల్చుకునే తీరిక. ఏ పనికి అదను ఎప్పుడో యాప్‌కి తెలియదు. ‘ఈ వారం దాటితే చెయ్యలేనిది ఏది?’ అని పొద్దున్నే వేసుకోవలసిన ప్రశ్న మనిషిదే.

ఇక రెండోది, అందరికీ కనబడటం. మనకిది కొత్తేం కాదు. గోడ మీది వెంకట్రామా క్యాలెండరులో గ్యాస్ బండ వచ్చిన తేదీ చుట్టూ సున్నా, పాల లెక్క, కంతు తేదీ ఉండేవి. నడిచెళ్లే ప్రతివాడి కళ్లా పడేవి. ఫోను వచ్చాక ఆ గోడ ఒకరి జేబులోకి వెళ్లిపోయింది. అందుకే యాప్ పెట్టుకుంటే జాబితాను ఇంట్లో అందరితో షేర్ చేసుకోండి. గూగుల్ కీప్‌లోనూ మైక్రోసాఫ్ట్ టు డూలోనూ ఆ వీలుంది. ఫోను లేని అవ్వాతాతల కోసం క్యాలెండరు మేకుకే ఉండనివ్వండి.

కానీ జాబితాలో ప్రతిదీ అమ్మే ఎక్కించి, టిక్కు పడిందా లేదా అని అమ్మే చూసుకోవాల్సి వస్తే, ఆమెకున్న పనులకి యాప్ ఇంకొకటి తోడైనట్టే. నూనె అడుగంటడం ఎవరు చూస్తే వాళ్లు రాయాలి. ఎవరి పేరు రాస్తే వాళ్లు చేయాలి. అన్నిటికన్నా కష్టమైంది అమ్మవైపు నుంచే. ఒకసారి రాసిపెట్టాక మళ్లీ నోటితో గుర్తు చేయకూడదు. ‘బుక్ చేశావా నాయనా?’ అని రెండుసార్లు అడిగితే చాలు, పని మళ్లీ ఆమె తలలోకి వచ్చేస్తుంది. అవ్వ మాత్రల విషయంలో మాత్రం ఈ పంతం వద్దు. గ్యాస్ విషయంలో పట్టొచ్చు. మొదటి నెలలో ఓ పూట బండ అయిపోతే అయిపోతుంది. పెరట్లో కట్టెల పొయ్యి ఎలాగూ ఉంది, బుక్ చేయడం మరిచిన వాళ్లే ఊదుకుంటారు.