పాపాయి తల కొలిచారా?

బిడ్డకు నెలనెలా బరువు తూయిస్తారు. కాస్త పెద్దయ్యాక గోడకు నిలబెట్టి ఎత్తు గీత గీస్తారు. కాని తల చుట్టుకొలత తీసి రాసుకునే ఇళ్ళు చాలా తక్కువ. మొదటి రెండేళ్ళలో ఈ కొలత బరువంత ముఖ్యమైనది. ఎందుకంటే పుర్రె తనంతట తాను పెరగదు. లోపల మెదడు పెరుగుతూ తోస్తుంటే పెరుగుతుంది.

పసిబిడ్డ పుర్రె ఒకే ఎముక కాదు. కొన్ని పలకలు, వాటి మధ్య అతుకులు. ఆ అతుకులు కలిసేచోట నడినెత్తిన మెత్తగా తగిలేదే మాడు. అది సాధారణంగా 9 నుంచి 18 నెలల మధ్య పూడుతుంది. కొందరికి రెండేళ్ళు పట్టవచ్చు. నుదుటి మధ్య అతుకు మాత్రం మొదటి ఏడాదిలోనే కలిసిపోతుంది. మిగిలిన పెద్ద అతుకులు పెద్దవాళ్ళయ్యేదాకా పూర్తిగా మూసుకోవు.

సుమారు 2,000 నుంచి 2,500 కాన్పులకు ఒక బిడ్డలో ఏదో ఒక అతుకు తల్లి కడుపులోనే, లేదా పుట్టిన కొద్ది నెలలకే బిగుసుకుపోతుంది. దీన్ని క్రేనియోసినోస్టోసిస్ అంటారు. బిగిసిన అతుకుకు అడ్డంగా తల పెరగటం ఆగుతుంది. ఆ లోటు తీర్చుకోవటానికి మరో దిక్కుకు సాగుతుంది. ఈ సంగతి జర్మన్ వైద్యుడు రుడాల్ఫ్ విర్కో 1851లోనే చెప్పాడు.

నడినెత్తిన ముందు నుంచి వెనక్కి పోయే అతుకు బిగిస్తే తల వెడల్పు పెరగక పడవలా పొడుగవుతుంది. ఎక్కువగా కనిపించేది ఇదే. మగపిల్లల్లో ఎక్కువ. నుదుటి మధ్య అతుకు మరీ ముందుగా బిగిస్తే నుదురు కోసుగా, మూడు మూలలుగా తయారవుతుంది. కణత వైపు దిగే అతుకు ఒక పక్కే బిగిస్తే ఆ పక్క నుదురు చదునై, కనుబొమ్మ పైకి లాగినట్టుంటుంది.

ఎలా కొలవాలి?

సాగని టేపు వాడండి. వాడివాడి సాగిపోయిన బట్టల టేపు పనికిరాదు. బిడ్డ తలకున్న పిన్నులు, రిబ్బన్లు తీసేయండి. టేపును కనుబొమ్మలకు కొంచెం పైగా, చెవులకు పైగా, పెడతల మీద బాగా ఉబ్బెత్తుగా ఉన్నచోటుగా చుట్టి, జుట్టు అణిగేటట్టు బిగించండి. మూడుసార్లు కొలిచి అన్నిటికన్నా పెద్ద అంకెను, తేదీతో సహా, రాసుకోండి. ప్రతిసారీ ఒకే మనిషి, ఒకే టేపుతో కొలవటం మంచిది.

నెలలు నిండి పుట్టిన బిడ్డ తల సుమారు 34, 35 సెంటీమీటర్లుంటుంది. మొదటి మూడు నెలలు నెలకు 2 సెం.మీ., తర్వాతి మూడు నెలలు నెలకు 1 సెం.మీ., ఆ పైన ఏడాది నిండేదాకా నెలకు అర సెం.మీ. చొప్పున పెరుగుతుంది. ఏడాదికి 45, 46 సెం.మీ. అవుతుంది. ఇది ఉజ్జాయింపు లెక్క. డాక్టరుగారు మీ అంకెలను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో వెలువరించిన పట్టికతో పోల్చి చూస్తారు. ఒక్క అంకె చూసి బెంగపడవద్దు. చూడవలసింది అంకెల వరస. పెరుగుదల మందగించినా, ఉన్నట్టుండి జోరందుకున్నా అశ్రద్ధ చేయవద్దు.

టేపు చెప్పలేనిది

ఇక్కడొక చిక్కుంది. పడవలాంటి తల చుట్టుకొలత మామూలుగానే ఉండవచ్చు, ఎక్కువగా కూడా ఉండవచ్చు. వెడల్పు తగ్గినంత పొడవు పెరుగుతుంది గనక, టేపు మోసపోతుంది. అందుకే డాక్టర్లు రెండు కాళ్ళ కొలబద్దతో తల పొడవు, వెడల్పు విడివిడిగా కొలుస్తారు. పొడవు 15 సెం.మీ., వెడల్పు 12 సెం.మీ. ఉంటే వెడల్పు పొడవులో నూటికి 80 వంతులు. అది మామూలే. అదే పొడవుకు వెడల్పు 10 మాత్రమే ఉంటే నూటికి 67 వంతులే. అది పడవ తల. ఇంట్లో మీరు చేయగలిగింది, బిడ్డ తలను పై నుంచీ, పక్క నుంచీ నెలకొక ఫోటో తీసి ఉంచటం.

వంకరగా కనిపించే ప్రతి తలా జబ్బు కాదు. ఎప్పుడూ ఒకే వైపు పడుకోబెడితే ఆ వైపు చదునవుతుంది, ఆ పక్క చెవి కాస్త ముందుకు జరిగినట్టుంటుంది. బిడ్డను వెల్లకిలానే పడుకోబెట్టి, తల రెండు వైపులకూ మార్చుతూ, మేలుకొని ఉన్నప్పుడు మీ కళ్ళెదుట కాసేపు బోర్లా పడుకోబెడితే చాలావరకు సర్దుకుంటుంది.

"నూనె రాసి ఒత్తితే గుండ్రంగా వస్తుంది", "ఆవాల దిండు పెడితే సరి" అని పెద్దవాళ్ళంటారు. వారి ప్రేమను కాదనలేం. కాని బిగిసిన అతుకును ఏ ఒత్తుడూ విడదీయదు. పైగా విలువైన నెలలు గడిచిపోతాయి. చిన్న కోతలతో చేసే ఎండోస్కోపీ ఆపరేషను సాధారణంగా మూడు, నాలుగు నెలల వయసులోనే చేస్తారు. పెద్ద ఆపరేషను తరచు ఆరు నెలలు దాటాక, ఏడాదిలోపు చేస్తారు. ఆలస్యమైతే మొదటి దారి మూసుకుపోతుంది.

కొందరిలో, ముఖ్యంగా ఏపర్ట్, క్రూజాన్ జబ్బులున్న పిల్లల్లో, అనేక అతుకులు బిగుస్తాయి. మెదడు మీద ఒత్తిడి పెరిగి చూపు కూడా దెబ్బతినవచ్చు. ఆపరేషనయిన పిల్లలకు సైతం ఏళ్ళ తరబడి తల కొలుస్తూ, కళ్ళు పరీక్ష చేయిస్తూ ఉండాలి. పెరుగుతున్న గీత చదునైందంటే ఒత్తిడి మళ్ళీ మొదలైందేమో చూడాలి.

తల మీద అతుకు వెంట గట్టి గట్టులా చేతికి తగిలినా, ఆకారం నెలనెలా వింతగా మారుతున్నా, పిల్లల డాక్టరుకు చూపించండి. మాడు తెరిచే ఉందిగదా అని ఊరుకోవద్దు. మాడు తెరిచి ఉన్నా ఒక అతుకు బిగిసి ఉండవచ్చు. మాడు తొందరగా పూడినంత మాత్రాన కంగారు పడనక్కరలేదు కూడా. తల కొలత సరిగా పెరుగుతుంటే, ఆకారం బాగుంటే సాధారణంగా భయం లేదు. చేత్తో తడిమి చూసి, అవసరమైతేనే స్కానింగు రాస్తారు. మీరు రాసిపెట్టిన అంకెల కాగితం, ఫోటోలు వెంట తీసుకువెళ్ళండి.