పొరపాటున చిక్కిన ట్రౌటు

"తెలియక జరిగినది" అను మాటకు లోకమున గౌరవ మెక్కువ. ఆ మాట వినబడినంతనే కోపము చల్లారును, విచారణ ముగియును. కాని ఆ మాట ఒక్కటియే క్షమకు చాలునా? ఇంగ్లండు దేశపు ఏళ్లలో చలికాలమున జరుగు ఒక వేట ఈ ప్రశ్నకు చక్కని సమాధాన మిచ్చుచున్నది.

ఫ్లై ఫిషింగ్ అను గాలపు వేటలో వానపామును ఎరగా గ్రుచ్చరు. చిన్న కొక్కెమునకు ఈకలను, దారమును చుట్టి నీటిపురుగును బోలిన బొమ్మను చేయుదురు. బొమ్మ తేలికైనది, గాలపుతాటి బరువే దానిని ఏటిమీదికి మోసికొనిపోవును. చలికాలమున ఈ వేట గ్రేలింగు అను చేపకొరకు సాగును. గ్రేలింగు వసంతమున గ్రుడ్లు పెట్టును గనుక చలికాలమున పుష్టిగా నుండును. అదే ఏటిలోని బ్రౌన్ ట్రౌటు సంగతి వేరు. దీనికి శరత్కాలాంతమును, శీతకాలమును గ్రుడ్లుపెట్టు సమయము. అప్పుడు దానిని వేటాడుట నిషిద్ధము. 1900 ప్రాంతమున ఆంగ్లేయులు కాశ్మీరపు ఏళ్లలో ప్రవేశపెట్టినది ఈ ట్రౌటునే.

గ్రేలింగును వీపుమీది తెరచాపవంటి పెద్ద రెక్కనుబట్టియు, ట్రౌటును ఒంటిమీది చుక్కలనుబట్టియు గుర్తింపవచ్చును. కాని ఈ గుర్తులు చేప చేతికి వచ్చిన పిమ్మట పనికివచ్చునవి. రెండును ఒకే కుటుంబమునకు చెందినవి. ఒకే పురుగులను తినును. కొక్కెమునకు వాని భేదము తెలియదు. కావున ఒకదానికై వేసిన గాలమునకు మరియొకటి తగులుచుండుట సహజము.

1975 నాటి చట్టము ఈ చిక్కును ముందే ఊహించినది. గ్రుడ్లు పెట్టబోవు చేపను గాని, పెట్టి ఇంకను కోలుకొనని చేపను గాని పట్టుట నేరము. అయితే పొరపాటున పట్టి, సాధ్యమైనంత తక్కువ గాయముతో నీటికి తిరిగి చేర్చినవానికి ఆ నేరము వర్తింపదు. ఇచట "పొరపాటున" అను మాటను చట్టము ఒంటరిగా విడువలేదు. తిరిగి చేర్చుట అను కర్తవ్యమును దానికి జతపరచినది. రెండవది లేనిచో మొదటిది రక్షింపదు.

ఆ కర్తవ్యము అప్పటికప్పుడు నెరవేరునది కాదు. ఎదురుముల్లు లేని కొక్కెమును ఇంటివద్దనే ఎంచుకొనవలెను. చేపను తాకుటకు ముందు చేయి తడుపుకొనవలెను. పొడిచేయి దాని ఒంటిమీది జిగటపొరను తుడిచివేయును, ఆ పొరయే దానికి రోగములనుండి రక్ష. దానిని నీటిలోనే ఉంచి కొక్కెము తీయవలెను. అలసిన చేపను ప్రవాహమునకు ఎదురుగా పట్టి, అది తనంత ఈదిపోవువరకు వేచియుండవలెను. ఇవి ఎరుగనివాని పొరపాటు, గాలము విసరకముందే ప్రారంభమైనది.

ఇంతకన్న గుప్తమైన హాని మరియొకటి గలదు. ఆడు ట్రౌటు తోకతో గులకరాళ్లను తొలిచి, గ్రుడ్లు పెట్టి, మరల రాళ్లతో కప్పును. ఆ గ్రుడ్లు చలికాలమంతయు అందే యుండును. ఏటిలో దిగి నడచు వేటకాని పాదము వానిని నలిపివేయవచ్చును. కొక్కెమునకు చేప తగులలేదు, నీరు ఎర్రబడలేదు, చూచినవాడు లేడు. బుద్ధిపూర్వకముగా గ్రుడ్లతావులను చెరచుటను చట్టము నిషేధించును గాని, ఎరుగని పాదమును అది పట్టుకొనజాలదు. అచట చట్టము ఆగిపోవును; విద్య పని ప్రారంభించును.

అట్లయినచో చలికాలపు వేటనే మానరాదా యని కొందరందురు. ఆ వాదము తేలికగా త్రోసివేయదగినది కాదు. ఐనను ఏటిని అన్ని ఋతువులందును ఎరిగినవా రుండుట ఏటికి మేలే. వేట మానకున్నను, గ్రుడ్లుపెట్టు నిస్సారపు గులకతావులను విడిచి లోతుమడుగులలో గాలము వేయుట అసాధ్యము కాదు. ట్రౌట్లు గుమిగూడిన చోటనే పదేపదే గాలము విసరి, "పొరపాటు" అనుట మాత్రము న్యాయము కాదు. ముందే తెలియగలదానిని తెలిసికొనకుండుట అజ్ఞానము కాదు, అలక్ష్యము.

బడిలో తప్పు జరిగినప్పుడు "కావలెనని చేసితివా?" అని ఉపాధ్యాయుడు బాలుని అడుగును. అది న్యాయమైన ప్రశ్నయే. కాని దానివెంట మరి రెండు ప్రశ్నలు అడుగవలసి యున్నవి: "జరిగినదానిని సరిదిద్దుటకు ఏమి చేసితివి? జరుగకుండుటకు ముందుగా ఏమి తెలిసికొనియుండవలసినది?" ఈ రెంటికి సమాధానము చెప్పగల బాలుని పొరపాటును సంతోషముగా క్షమింపవచ్చును.